రాంగోపాల్‌పేట్ దగ్గర తెగిన ట్యాగు

ఆర్గ్ మోడ్‌లో ఒక పని రాసి, ఆ శీర్షిక చివర రెండు కోలన్ల మధ్య ఒక మాట పెడితే అది ట్యాగు అవుతుంది. రాణీగంజ్ అని పెట్టి చూడండి, ఒప్పుకుంటుంది. ప్యాట్నీ, నల్లగుట్ట, మోండా అన్నా ఒప్పుకుంటుంది. రాంగోపాల్‌పేట్ అని పెడితే మాత్రం ఒప్పుకోదు. కోలన్లు ఉత్త కోలన్లుగానే, పేరు శీర్షికలో మామూలు మాటగానే మిగిలిపోతాయి. ట్యాగు పట్టుకుని వెతికితే ఆ పని దొరకదు, అజెండాలో వడపోస్తే రాదు. తప్పు జరిగిందని చెప్పే సందేశం కూడా ఏదీ రాదు.

ఈ లోపాన్ని మొదటే ముందుకు తేవడానికి కారణం ఉంది. పనిముట్టు సాఫీగా నడుస్తున్నంతసేపు దాని లోపలి పనితనం కంటికి ఆనదు. ఎక్కడో ఒకచోట ఆగినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. మూత తీసి చూడనిస్తుందా, కారణం దాకా దారి చూపిస్తుందా, మన చేత్తో మనం సరిచేసుకోనిస్తుందా అన్నదాన్ని బట్టి దాన్ని చేసినవాళ్ల శ్రద్ధ తెలుస్తుంది. ఈ మూడు పరీక్షల్లోనూ ఆర్గ్ మోడ్ అంత నిబ్బరంగా నిలిచిన నోట్సు పనిముట్టును నేను మరొకటి చూడలేదు. అదీ తెలుగు రాతతో పెట్టే పరీక్షల్లో.

సంగతి తెలియనివారికి రెండు మాటలు. ఆర్గ్ మోడ్ అనేది ఈమ్యాక్స్ అనే ఎడిటర్‌లో నడిచే నోట్సు, పనుల పట్టిక పనిముట్టు. ఈమ్యాక్స్‌ను రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదల చేశారు. ఆర్గ్‌ను 2003లో కార్‌స్టెన్ డొమినిక్ మొదలుపెట్టారు. ఆయన ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ఖగోళ శాస్త్రవేత్త, గ్రహాలు పుట్టే ధూళి చక్రాల మీద పరిశోధన చేసే మనిషి. తన నోట్సు ఒకచోట, చేయాల్సిన పనులు మరోచోట చెదిరిపోకుండా రెండూ ఒకే ఫైలులో ఉంచుకోవడానికి రాసుకున్న ప్రోగ్రాము అది. 2007లో వచ్చిన ఈమ్యాక్స్ 22తోనే ఆర్గ్ కలిసి రావడం మొదలైంది. డొమినిక్ తర్వాత బాస్టియన్ గెరీ ఏళ్ల తరబడి దాన్ని చూసుకున్నారు, ఇప్పుడు ఇహోర్ రాద్‌చెంకో చూసుకుంటున్నారు.

ఫైలు మాత్రం ఉత్త అక్షరాలే. చుక్క గుర్తుతో (*) మొదలయ్యే వరస శీర్షిక, రెండు చుక్కలుంటే ఉపశీర్షిక. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదువుకోవచ్చు, ఫోన్‌లో ఆర్గ్‌జ్లీ అనే యాప్‌లో తెరిచినా చదువుకోవచ్చు. ఈ వ్యాసానికి నమూనాగా నేను రాసుకున్న ఫైలు రాంగోపాల్‌పేట్ వైపు పంపుల కొట్టుకు సరిపోయేలాంటిది. సికింద్రాబాద్‌లో ఒకప్పటి జేమ్స్ స్ట్రీట్, ఇప్పటి మహాత్మాగాంధీ రోడ్డు దిగి రాణీగంజ్ వైపు నడిస్తే కొట్టు కొట్టుకూ మోటార్లు, బేరింగులు, వాల్వులు, పైపులు, నట్లు, బోల్టులు. దివాన్ బహదూర్ సేఠ్ రామ్‌గోపాల్ పేరున వెలిసిన ఈ పేటలో వ్యాపారమంటే వంద చిన్న మాటలు గుర్తుపెట్టుకోవడమే. ఎవరికి ఏ సీలు కావాలి, ఎవరి మోటారు వైండింగుకు వెళ్లింది, ఏ సరుకు ఎప్పుడు దిగుతుంది. ఆ ఫైలు ఇలా ఉంటుంది:

* పంపులు
** చేయాలి 2 హెచ్‌పీ మోనోబ్లాక్ సీలు మార్చాలి <2025-07-09 బుధ>   :రాణీగంజ్:
** ఆగింది బేరింగులు దిగాక ఫోన్ చేయాలి   :గిరాకీ:
* కొట్టు
** చేయాలి లష్కర్ బోనాలకు సెలవు బోర్డు పెట్టాలి <2025-07-13 ఆది>

ఈ కొట్లలో పాత లెక్కలు రాసిన గుమాస్తాలకు చిట్టా, ఆవర్జా తెలుసు. జరిగింది జరిగినట్టు వరసగా చిట్టాలో పడుతుంది, తీరిక దొరికాక ఎవరి పద్దు వారి ఖాతా కింద ఆవర్జాకు ఎక్కుతుంది. ఆర్గ్‌లో క్యాప్చర్, రీఫైల్ అనే రెండు ఆదేశాలు సరిగ్గా ఈ రెండు పనులే చేస్తాయి. ఏ పనిలో ఉన్నా ఒక మీట నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. తోచింది రాసి మూసేస్తే అది రాబడి ఫైలులో పడి, మీరు అంతకుముందు చేస్తున్న పని దగ్గరికే తిరిగి వస్తారు. ఎక్కడ పెట్టాలి, ఏ శీర్షిక కింద అన్న ఆలోచన ఆ క్షణంలో అక్కర్లేదు. సాయంత్రం కూర్చుని ఒక్కొక్కదాన్నీ దాని శీర్షిక కిందికి పంపుకోవచ్చు. రాసేటప్పటి తొందరను, సర్దేటప్పటి నిదానాన్ని విడదీయాలన్న తెలివి చాలా ఖరీదైన యాప్‌లలో కూడా కనబడదు.

‘చేయాలి’, ‘ఆగింది’, ‘అయింది’ అన్న మాటలు నేను పెట్టుకున్నవి. ఆర్గ్ తనంతట తెచ్చేవి ఇంగ్లీషు మాటలు. ఫైలు మొదట్లో ఒక వరసలో మనకు కావలసిన మాటలు వరుసగా రాసి, మధ్యలో ఒక నిలువు గీత గీయాలి. గీతకు ఎడమ పక్కవి మిగిలిన పనులు, కుడి పక్కవి ముగిసిన పనులు. ఒక్కో మాట పక్కన బ్రాకెట్లో ఒక అక్షరం పెడితే అదే దాని మీట. ఆ అక్షరం పక్కనే ఆశ్చర్యార్థకం పెడితే స్థితి మారిన వేళ నమోదవుతుంది. ‘ఎట్’ గుర్తు పెడితే ఎందుకు మారిందో ఒక ముక్క రాయమని అడుగుతుంది. ‘ఆగింది’ పక్కన ఈ గుర్తు పెట్టుకోవడం నాకు ఇష్టం, ఎందుకు ఆగిందో తర్వాత ఎవరికీ గుర్తుండదు కాబట్టి. ఇక్కడ కొత్తవాళ్లు తరచూ చిక్కుకునే చోటు ఒకటుంది. వరస మార్చి, సేవ్ చేసినా కొత్త మాటలు పనిచేయవు. ఆ వరస మీద కర్సరు ఉంచి కంట్రోల్-సి రెండుసార్లు నొక్కితేనే ఆర్గ్ దాన్ని మళ్లీ చదువుతుంది.

ఇప్పుడు తెగిన ట్యాగు దగ్గరికి వద్దాం. యూనికోడ్‌లో తెలుగు హల్లుకు పొల్లు పెట్టి, దాని వెంటే మరో హల్లు రాస్తే రెండోది వత్తుగా మారుతుంది. రాంగోపాల్ తర్వాత పేట్ రాస్తే లకారం కింద పకారం వత్తు పడాలి. అలా పడకుండా రెండింటినీ విడిగా ఉంచడానికి మధ్యలో ఒక కనబడని అక్షరం వేస్తాం. దాని యూనికోడ్ సంఖ్య 200సి, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. సాఫ్ట్‌వేర్, పైప్‌లైన్, హైదరాబాద్‌లో, ఇలా రోజూ రాసే ఎన్నో మాటల్లో అది ఉంటుంది. చాలా కీబోర్డులు ఏదో ఒక మీటకు దాన్ని కట్టిపెడతాయి. మనం దాన్ని చూడం.

చూడాలంటే ఈమ్యాక్స్ దారి ఇస్తుంది. ఆటో కంపోజిషన్ మోడ్ అనే ఆదేశాన్ని ఒకసారి ఇస్తే ఆ ఫైలులో అక్షరాల కూర్పు ఆగిపోతుంది. గుణింతాలు, వత్తులు విడిపోయి ఒక్కో సంకేతం ఒక్కో ముక్కగా బయటకు వస్తుంది. రాంగోపాల్‌పేట్‌లో పొల్లుకూ పకారానికీ మధ్య కర్సరు ఒక అడుగు ఎక్కువ వేస్తుంది. అక్కడ నిలబడి అక్షరాన్ని వివరించమని అడిగితే పేరు, సంఖ్య, వర్గం అన్నీ చెబుతుంది. వర్గం దగ్గర ‘ఫార్మాట్’ అని ఉంటుంది. మన సమస్యకు సమాధానం ఆ ఒక్క మాటలో ఉంది. ట్యాగులో ఏమేం ఉండవచ్చో ఆర్గ్ ఒకే ఒక నమూనాలో నిర్వచించింది: అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, ఎట్, హ్యాష్, శాతం గుర్తు. ఈమ్యాక్స్ లెక్కలో తెలుగు గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న అన్నీ అక్షరాల కిందికే వస్తాయి. అందుకే రాణీగంజ్‌కు ఏ ఇబ్బందీ లేదు. ఫార్మాట్ వర్గంలోని అక్షరం మాత్రం ఆ జాబితాలోకి రాదు. అది ఎదురవగానే ఇది ట్యాగు కాదని ఆర్గ్ తేల్చేస్తుంది.

నమూనా ఇంత బిగువుగా ఎందుకు ఉందో చూస్తే కోపం రాదు. అజెండాలో ట్యాగులతో వెతికేటప్పుడు ప్లస్ పెడితే ‘ఇదీ ఉండాలి’, మైనస్ పెడితే ‘ఇది ఉండకూడదు’, నిలువు గీత పెడితే ‘ఇదో అదో’ అని అర్థం. ట్యాగులోనే హైఫన్ ఉండనిస్తే ఈ వెతుకులాట భాష మొత్తం గందరగోళమవుతుంది. హైఫన్లను, విరామ చిహ్నాలను బయట ఉంచడానికి గీసిన గీత ఇది. తెలుగుకు కావలసిన కనబడని అక్షరం ఆ గీతకు అవతల పడిపోయింది. ఆ నమూనా సెట్టింగుల్లో మార్చుకునేది కాదు, ప్రోగ్రాములో స్థిరంగా ఉన్నది. దాని మీద ఆధారపడి మరికొన్ని నమూనాలు కట్టి ఉన్నాయి కనుక దాన్ని కదపకపోవడమే మంచిది. రాంగోపాల్_పేట్ అని అండర్‌స్కోర్ పెట్టి రాయండి. పొల్లు పొల్లుగానే కనబడుతుంది, వత్తు పడదు, ట్యాగు పనిచేస్తుంది. పైప్_లైన్ అయినా అంతే.

ఇదే కుటుంబానికి చెందిన ఇంకో చిక్కు బొద్దక్షరాలది. మాటకు రెండు పక్కలా చుక్క గుర్తు పెడితే అది బొద్దుగా మారాలి. తెలుగులో మాట ఒంటరిగా నిలబడడం తక్కువ, విభక్తి వచ్చి అంటుకుంటుంది. *రాణీగంజ్*లో అని రాస్తే చుక్కలు చుక్కలుగానే ఉండిపోతాయి, ఎందుకంటే మూసే చుక్క తర్వాత ఖాళీయో, విరామ చిహ్నమో ఉండాలని ఆర్గ్ నియమం. ఇంగ్లీషుకు ఇది చక్కగా సరిపోతుంది. 2*3*4 అన్న లెక్కలో మధ్య అంకె బొద్దుగా మారకుండా కాపాడేది ఈ నియమమే. ఫైళ్ల దారుల్లోని వాలు గీతలు అక్షరాలను వాల్చేయకుండా ఆపేదీ ఇదే. విభక్తులు అంటుకునే భాషకు వేరే దారి కావాలి. ఆ దారి ఆర్గ్ అధికారిక చేతిపుస్తకంలోనే ఉంది: మూసే చుక్కకూ ‘లో’కూ మధ్య వెడల్పు లేని ఖాళీని, యూనికోడ్ 200బి అక్షరాన్ని, పెట్టండి. ఆర్గ్‌కు అది ఖాళీ, మన కంటికి ఏమీ లేదు. మాట బొద్దుగా మారుతుంది, విభక్తి మామూలుగా దాని పక్కనే ఉంటుంది. ట్యాగును తెంచిన 200సి, బొద్దక్షరాన్ని నిలబెట్టే 200బి సంఖ్యలో పక్కపక్కనే ఉన్న ఇరుగుపొరుగు. వేయాల్సిన చోట ఒకదానికి బదులు మరొకటి పడితే మళ్లీ మొదటికే వస్తుంది కనుక రెండోదానికి ఒక మీట కట్టుకోవడం మంచిది.

పీడీఎఫ్‌గానో వెబ్ పేజీగానో మార్చినప్పుడు ఆ కనబడని ఖాళీ ఫలితంలోకి కూడా వెళుతుంది. చూడ్డానికి తేడా ఉండదు, వెతుకులాటలో మాత్రం మాట విరిగిపోతుంది. ఎగుమతి దారిలో అడుగడుగునా ఫిల్టర్లు పెట్టుకోవడానికి ఆర్గ్ చోటు ఉంచింది. అక్కడ ఒక చిన్న ఫంక్షన్ 200బిని తుడిచేస్తుంది. అప్పటికి బొద్దక్షరం పని ముగిసి ఉంటుంది కనుక నష్టమేమీ లేదు. పీడీఎఫ్ కోసం లేటెక్ కంపైలరును జీలేటెక్‌కు మార్చి, తెలుగు ఫాంటు పేరు చెప్పడం మరవకండి. పాత పీడీఎఫ్ లేటెక్ తెలుగును మింగేస్తుంది.

పట్టికల దగ్గర తెలుగు ఇంకా గట్టి పరీక్ష పెడుతుంది. ఆర్గ్ పట్టిక అంటే నిలువు గీతలతో గీసిన అక్షరాల పట్టికే. ట్యాబ్ నొక్కితే గడులన్నీ తమంతట సర్దుకుంటాయి. ప్రతి అక్షరం సమాన వెడల్పున ఉంటుందన్న లెక్క మీద ఆ సర్దుబాటు నడుస్తుంది. తెలుగులో ‘ఈ’ ఒక వెడల్పు, ‘ఘా’ ఇంకో వెడల్పు, ‘స్త్రీ’ మరో వెడల్పు. గీతలు వంకర తిరుగుతాయి. దీనికి రెండు పరిష్కారాలు. ఒకటి, యువాన్ ఫు రాసిన వీఅలైన్ ప్యాకేజీ. అది అక్షరాలను లెక్కపెట్టకుండా తెర మీది పిక్సెళ్లను కొలిచి గీతలను నిలబెడుతుంది. ఫైలులో ఒక్క అక్షరాన్నీ మార్చదు. రెండోదానికి ప్రోగ్రామే అక్కర్లేదు. అంకెల గడులు ముందు, తెలుగు పేర్ల గడి చివర పెట్టుకుంటే వంకర చివరి గీతకే పరిమితమవుతుంది. నేను ఎక్కువగా రెండోదే వాడతాను.

ఈ గుణింతాలన్నీ తెర మీద సరిగ్గా కూర్చుంటున్నాయంటే దాని వెనుక చాలామంది శ్రమ ఉంది. ఈమ్యాక్స్‌కు ప్రపంచ లిపులన్నీ నేర్పిన పునాది పని జపాన్‌లో కెన్‌ఇచీ హండా బృందం చేసింది. 2020లో వచ్చిన ఈమ్యాక్స్ 27 నుంచి అక్షరాల కూర్పును హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చూసుకుంటోంది. కంట్రోల్-హెచ్ నొక్కి మళ్లీ హెచ్ నొక్కితే ప్రపంచ భాషల పలకరింపుల జాబితా తెరుచుకుంటుంది, అందులో మన నమస్కారం ఉంది. మీ ఈమ్యాక్స్‌లో తెలుగు సరిగా కనబడుతోందా అని చూడడానికి అంతకన్నా సులువైన పరీక్ష లేదు. అక్కడ స్కారం సరిగా పడి మీ ఫైలులో పడకపోతే, తేడా మీరు పెట్టుకున్న ఫాంటులో ఉంది.

కీబోర్డు గురించి ఒక ముఖ్యమైన మాట. ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకుని ఆర్గ్ వాడితే మీటల ఆదేశాలన్నీ మూగబోతాయి. కంట్రోల్-సి నొక్కామనుకుంటాం, దానికి అందేది కంట్రోలుతో కలిసిన తెలుగు అక్షరం. ఈమ్యాక్స్ లోపలే తెలుగు ఇన్‌పుట్ పద్ధతులున్నాయి, ఇన్‌స్క్రిప్టూ ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఐట్రాన్స్ కూడా ఉంది. కంట్రోల్-బ్యాక్‌స్లాష్ నొక్కితే అవి మొదలవుతాయి, మళ్లీ నొక్కితే ఆగుతాయి. అవి మామూలు అక్షరాలనే తెలుగుకు మారుస్తాయి, కంట్రోలుతో కూడిన ఆదేశాలను ముట్టుకోవు. అజెండాలో ఒంటి అక్షరపు మీటలు కూడా ఎప్పటిలాగే పనిచేస్తాయి. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువాళ్లు రూపొందించిన, ఇలాగే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయించే ఆర్‌టీఎస్‌కు, లేఖినికి అలవాటుపడ్డ వేళ్లు ఐట్రాన్స్‌లో కొన్నిచోట్ల తడబడతాయి. ఏ మీటకు ఏ అక్షరమో మొత్తం పట్టికను ఈమ్యాక్స్ చూపిస్తుంది. చూసి, నచ్చని మీటలకు మన నియమాలు చేర్చుకోవచ్చు.

తేదీల్లో ఆర్గ్ చూపిన తెలివి నాకు అన్నిటికన్నా ఇష్టం. మళ్లీ మళ్లీ వచ్చే పనులకు అది మూడు రకాల ఆవృత్తులు ఇస్తుంది. కొట్టు అద్దె తీసుకోండి. తేదీ తర్వాత ఒక ప్లస్ పెట్టి 1m (ఒక నెల) అని రాస్తే, ‘అయింది’ అన్న ప్రతిసారీ తేదీ సరిగ్గా ఒక్క నెల జరుగుతుంది. రెండు నెలలు కట్టకపోతే ఒకసారి ‘అయింది’ అన్నా ఇంకో నెల బాకీ ఎర్రగా మిగిలే ఉంటుంది. అద్దె విషయంలో న్యాయం అదే. శనివారం శనివారం గోడౌన్ ఊడ్పించాలి, మూడు వారాలు మానేశారు. అప్పుడు మూడుసార్లు ఊడ్చినా లాభం లేదు, రాబోయే శనివారం కావాలి. రెండు ప్లస్‌లు పెడితే వారం చెదరకుండా తేదీ ముందుకు దూకుతుంది. మోటారు బేరింగుకు గ్రీజు పెట్టే పని వేరు. చేసిన రోజు నుంచి లెక్క మొదలవ్వాలి, ఆలస్యంగా చేసినా సరే. దానికి ఫుల్‌స్టాప్ పక్కన ప్లస్. ఒక్క గుర్తు తేడాతో బాకీ, వారం, వ్యవధి అన్న మూడు వేర్వేరు కాలాలను విడదీశారు. పని చేసిన మనుషులు కూర్చుని ఆలోచించిన పనితనమిది.

తేదీ పక్కన వారం పేరు తెలుగులో ఉన్నా పర్వాలేదు. ఆర్గ్ అంకెలనే చదువుతుంది, వారం పేరు మన సౌకర్యానికి. కంప్యూటరు భాషా సెట్టింగు తెలుగైతే అదే ‘బుధ’, ‘గురు’ అని రాస్తుంది. అంకెలు మాత్రం 0 నుంచి 9 వరకు మామూలువే వాడాలి, తెలుగు అంకెలతో రాసిన తేదీని అది తేదీగా గుర్తించదు.

కొట్టు పూజలకు చూసుకునే అమావాస్య సంగతికి వస్తే, ఈమ్యాక్స్ క్యాలెండరులో ఇస్లామీ, హీబ్రూ, చైనా క్యాలెండర్లున్నాయి కానీ మన పంచాంగం లేదు. చంద్రకళల లెక్క మాత్రం ఉంది. ఆర్గ్ ఫైలులో రెండు శాతం గుర్తుల వెనుక బ్రాకెట్లలో చంద్రకళల ఫంక్షన్ పేరు ఒక వరసగా రాస్తే అవి అజెండాలోకి వచ్చేస్తాయి. కళల పేర్లు కూడా ఒక సెట్టింగులో ఉంటాయి, వాటి చోట అమావాస్య, పౌర్ణమి అని రాసుకోవచ్చు. అక్షాంశం 17.4, రేఖాంశం 78.5 అని చెబితే సికింద్రాబాద్ సూర్యోదయమూ చూపిస్తుంది. ఒక జాగ్రత్త. ఈమ్యాక్స్ చెప్పేది సూర్యచంద్రులు కలిసే క్షణం, అది అమావాస్య తిథి ముగిసే క్షణం. పంచాంగం సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టి రోజును లెక్కిస్తుంది, కాబట్టి ఒక రోజు తేడా రావచ్చు. కొట్టులో పూజ పెట్టుకునేముందు పంచాంగం చూసుకోవాల్సిందే.

ఇక అసలు మరమ్మతు విద్య. ఏదైనా చెడితే మొదట తేల్చుకోవాల్సింది, తప్పు ఆర్గ్‌దా, మన సెట్టింగులదా అన్నది. ఈమ్యాక్స్‌ను పెద్ద క్యూ గుర్తుతో తెరిస్తే మన సెట్టింగులేవీ లేకుండా కొత్తగా తెరుచుకుంటుంది. అక్కడ పని సవ్యంగా నడిస్తే తప్పు మన వైపుది. అప్పుడు సెట్టింగుల ఫైలులో సగం పక్కన పెట్టి చూడాలి, ఇంకా చెడుతుంటే మిగిలిన సగంలో మళ్లీ సగం. వెయ్యి వరసలున్నా పదిసార్లలో తప్పున్న వరస దగ్గర ఉంటాం. కొత్త వెర్షన్ వేసుకున్నాక ‘ఆర్గ్ వెర్షన్ మిస్‌మ్యాచ్’ అన్న హెచ్చరిక కనబడితే, ఈమ్యాక్స్‌తో వచ్చిన పాత ఆర్గ్ అప్పటికే లోడై ఉండగా దాని మీద కొత్తది పడిందని అర్థం. ఈమ్యాక్స్‌ను మూసి, కొత్తగా తెరిచి, ఏ ఆర్గ్ ఫైలూ తెరవకముందే ప్యాకేజీ వేస్తే సర్దుకుంటుంది. అజెండాలో పనులు కనబడకపోవడానికి నూటికి తొంభై పాళ్లు కారణం, ఆ ఫైలును అజెండా ఫైళ్ల జాబితాలో చేర్చకపోవడమే.

ఇంకో మౌనపు తప్పు ఉంది. గడువు వరస శీర్షికకు సరిగ్గా కిందనే ఉండాలి. మధ్యలో ఒక మాట రాసినా ఆర్గ్ దాన్ని గడువుగా లెక్కించదు. ఇలాంటివి పట్టడానికి నికొలా గోజియూ రాసిన ఆర్గ్-లింట్ ఉంది. ఫైలు మొత్తం చదివి, చోటు తప్పిన గడువులు, లేని ఫైళ్లకు పోయే లంకెలు, రెండుచోట్ల ఒకే గుర్తింపు పేరు, అన్నిటినీ వరస సంఖ్యతో చూపిస్తుంది. దేన్నీ తనంతట మార్చదు, ఆ నిగ్రహం నాకు నచ్చుతుంది. ఇక ఏ మీట ఏం చేస్తుందో, ఏ సెట్టింగు విలువ ఎంతో అడిగితే ఈమ్యాక్స్ చెబుతుంది, అక్కడి నుంచి ఒక్క నొక్కుతో ఆ ఫంక్షన్ మూల రాతలోకి తీసుకెళుతుంది. ట్యాగుల నమూనాను నేను చూసింది అలాగే.

వీటన్నిటిలో చివరకు చెప్పాలని దాచుకున్నది పట్టికల ఫార్ములాల మరమ్మతు. ఆర్గ్ పట్టికలో లెక్కలు చేసేది డేవ్ గిలెస్పీ రాసిన కాల్క్ అనే గణిత ప్రోగ్రాము. రెండో గడిలో సరుకు సంఖ్య, మూడో గడిలో ధర, నాలుగో గడిలో మొత్తం. ధర దగ్గర మన అలవాటు ప్రకారం 1,500 అని రాశామనుకుందాం. మొత్తం దగ్గర అర్థం లేని ఫలితం వస్తుంది. కంట్రోల్-సి, ఆ తర్వాత తెరిచే మీసాల బ్రాకెట్ నొక్కి డీబగ్గరును లేపి, లెక్కను మళ్లీ చేయించండి. ఒక కిటికీలో ఫార్ములా చరిత్ర మొత్తం వరస వరసగా పడుతుంది. మొదట మనం రాసింది రాసినట్టు, తర్వాత పేర్ల చోట విలువలు పెట్టాక, ఆ తర్వాత గడుల చోట అంకెలు పెట్టాక, చివరకు ఫలితం. ఫార్ములానే తప్పైతే ఎక్కడ తప్పిందో ఆ అక్షరం కింద బాణం గుర్తు పెడుతుంది. ఒక్కో గడి తర్వాత ఆగి, ముందుకు పోనా అని అడుగుతుంది. ఆ వరసల్లో చూస్తే తెలుస్తుంది, గడిలోని 1,500 బ్రాకెట్ల మధ్యకు చేరింది. బ్రాకెట్లలో కామాతో ఉన్న రెండు సంఖ్యలంటే కాల్క్‌కు సంకీర్ణ సంఖ్య, ఇంటర్మీడియట్‌లో మనం చదువుకున్నదే. పదిహేను వందల రూపాయలను అది ఒకటి వాస్తవ భాగంగా, ఐదు వందలు కల్పిత భాగంగా తీసుకుంది. దాని నియమం ప్రకారం అది చేసిన లెక్క సరైనదే.

ధరలు కామాలు లేకుండా రాసుకుంటే సరిపోతుంది. లక్షల్లో రాసేవాళ్లకు కామాలు లేకపోతే కన్ను తప్పుతుంది, వాళ్లకు ఇంకో దారి ఉంది. ఫార్ములా ముందు ఒంటి కొటేషన్ పెడితే కాల్క్‌ను పక్కన పెట్టి ఈమ్యాక్స్ సొంత భాష లిస్ప్‌లో లెక్క చేయవచ్చు. అక్కడ గడిలోని రాత అంకెగా మారకుండా అక్షరాల వరుసగానే చేతికి వస్తుంది. కామాలు తీసేసి అంకెగా మార్చే రెండు వరసల ఫంక్షన్ రాసి సెట్టింగుల ఫైలులో పెట్టుకుంటే, 1,25,000 లక్షా పాతికవేలుగానే లెక్కలోకి వస్తుంది.